అన్నయ్యగారు చదివిన కాగితం

కాగితం చేతికి రాగానే ఉమాశంకర్ చేసే మొదటి పని కళ్ళజోడు తీసి జేబురుమాలుతో తుడుచుకోవడం. రెండో పని, ఎదుటివాడు ఏదో చెప్పబోతే "ఏక్ మినిట్" అని చెయ్యెత్తి ఆపడం. ఈ రెండూ చూసినవాడెవడికైనా ఈయన దగ్గర తన పప్పులుడకవని అర్థమైపోతుంది. గ్రేటర్ నోయిడాలో ఇళ్ళు కొనిపెట్టే డీలర్ సత్వీర్‌కి కూడా ఆ ఆదివారం మధ్యాహ్నం అలాగే అర్థమైంది. తాగుతున్న టీ గ్లాసు పక్కన పెట్టి, కుర్చీలో సర్దుకుని కూర్చున్నాడు.

"పఢ్ లీజియే సర్, ఆరామ్ సే" అన్నాడు, తాపీగా చదువుకోమని.

ఎనిమిది పేజీల అమ్మకం దస్తావేజు అది. గురువారం రిజిస్ట్రీ. దానికి ముందు డ్రాఫ్టు ఒకసారి చూసుకోమని పిలిచాడు. ఉమాశంకర్ మొదటి పేజీ మీద వేలు పెట్టి పైనుంచి కిందికి మెల్లగా దించుకుంటూ వచ్చారు. ఒకచోట ఆగారు. కనుబొమలు ముడిచారు. మళ్ళీ కదిలారు. పక్కనే కూర్చున్న అన్నపూర్ణేశ్వరి ఆయన వేలు ఆగినప్పుడల్లా ఊపిరి బిగబట్టి, కదిలినప్పుడల్లా వదులుతోంది. కొంటున్నది ఆవిడే మరి. ముప్ఫై ఏళ్ళుగా ఢిల్లీ ఆసుపత్రుల్లో నర్సు. పెళ్ళి చేసుకోలేదు. కాకినాడ నుంచి వచ్చిన రోజు మొదలు హాస్టల్ గదుల్లోనూ, ఆ తర్వాత మునిర్కా సందుల్లో అద్దె గదుల్లోనూ గడిపిన మనిషి. ఇన్నాళ్ళకు ఒక ఇల్లు కొంటోంది, అదీ కింది అంతస్తులో, వెనక పెరడున్న ఇల్లు.

ఈ దస్తావేజు మొత్తం హిందీలో ఉంది. ఉమాశంకర్‌కి హిందీ చదవడం రాదు.

మాట్లాడటం వచ్చు, దివ్యంగా వచ్చు. ఆటోవాళ్ళతో పోట్లాడగలరు, పైఅధికారుల్ని నవ్వించగలరు. అక్షరాల దగ్గరే వస్తుంది చిక్కంతా. కూడబలుక్కుంటే బస్సు మీద ఊరి పేరు తెలుస్తుంది గాని, వరసగా ఎనిమిది పేజీలంటే చీమల బారులే. అలాగని ఆయన దగ్గర సర్టిఫికెట్ లేదనుకునేరు. కేంద్ర ప్రభుత్వం హిందీ రానివాళ్ళకు పెట్టే పరీక్షలన్నీ, ఆఖరిదైన ప్రాజ్ఞతో సహా, పాసైన మనిషి. పక్క సీటు మిశ్రాగారి చలవ అది. అంతేనా, హిందీ పక్షోత్సవాల్లో ఉపన్యాసానికి రెండుసార్లు బహుమతి కూడా తెచ్చుకున్నారు. చేతిలో కాగితం మీద ఆ ఉపన్యాసమంతా తెలుగు అక్షరాల్లో రాసుకున్నదని వేదిక కింద ఉన్నవాళ్ళకెలా తెలుస్తుంది? ఆఫీసులో ఫైళ్ళు ఇంగ్లీషులోనే నడుస్తాయి. అలా ముప్ఫై ఏళ్ళు వెళ్ళిపోయాయి.

అంకెలు మాత్రం ఎవరికైనా అంకెలే. ఫ్లాటు నంబరు, గజాలు, ఆధార్ నంబర్లు, తారీఖులు, అన్నిటినీ అగ్రిమెంటుతో సరిచూశారు. పెన్సిలు తీసి ఒక్కోదాని పక్కన చిన్న గీత పెట్టారు. అన్నీ సరిపోయాయి. మూడో పేజీలో అంకెలు తక్కువ, అందుకని అక్కడ ఎక్కువసేపు ఆగడానికి ఏమీ లేకపోయింది. అయినా ఎప్పుడూ అడిగే ప్రశ్న అడిగారు.

"హద్దులు సరిగ్గా రాశావా?"

"మూడో పేజీలో మీ ఎదురుగానే ఉంది కదా సర్" అన్నాడు సత్వీర్. "ముందూ వెనకా అన్నీ విప్పి రాయించాను. మా దగ్గర దాపరికం ఉండదు."

"కనబడుతోందిలే" అని ఉమాశంకర్ అక్కడా ఓ గీత పెట్టి, పేజీ తిప్పారు.

"అన్నీ బాగానే ఉన్నాయాండి అన్నయ్యగారూ?" అని అడిగింది అన్నపూర్ణేశ్వరి.

"బాగానే ఉందమ్మా. కాగితం శుభ్రంగా ఉంది."

"మీరు చూసేరంటే ఇంక నాకేంటండి" అని ఆవిడ రెండు చేతులూ ఒళ్ళో పెట్టుకుని నవ్వింది. "మనవాళ్ళలో ఎవరు ఇల్లు కొన్నా మీరు చూడందే సంతకం పెట్టరని చెప్తారండి. నా అదృష్టం."

ఆ మాటకు ఉమాశంకర్ మనసు చల్లగా అయిన మాట నిజం. పొగడ్తకి పడని ఉద్యోగి ఈ భూమ్మీద ఇంకా పుట్టలేదు.

డ్రాఫ్టు కాపీ ఒకటి అడిగి తీసుకుని ఆర్కే పురంలో తమ క్వార్టర్‌కి వచ్చేసరికి సాయంత్రం అయిదైంది. కాపీ డైనింగ్ టేబుల్ మీద పడేసి కాళ్ళు కడుక్కోవడానికి వెళ్ళారు. తిరిగొచ్చేసరికి కూతురు ఇషిత ఒక చేత్తో బిస్కట్ తింటూ, ఇంకో చేత్తో ఆ కాగితాలు తిరగేస్తోంది. ఢిల్లీలోనే పుట్టి పెరిగిన పిల్ల. దానికి హిందీ చదవడమంటే మంచినీళ్ళు తాగినట్టే.

"పాపా, యే పీఛేవాలా ఆంగన్ తో ఫస్ట్ ఫ్లోర్ వాలోఁ కా హై" అంది.

"ఏమిటే అంటున్నావు? తెలుగులో చెప్పు" అంది చిక్కుడుకాయలు ఈనెలు తీస్తున్న ఆయన భార్య సుభాషిణి.

"వెనకాల యార్డ్ ఉంది కదా మమ్మీ, అది అన్నపూర్ణ ఆంటీది కాదు. పైన ఉన్నవాళ్ళది. ఇక్కడ లిఖా హై. ఆంటీవాళ్ళ బ్యాక్ డోర్ కూడా బంద్ చెయ్యాలి, వాళ్ళు అడిగితే. ఓన్లీ కిటికీ."

ఉమాశంకర్ కాళ్ళు తుడుచుకుంటున్న తువ్వాలు అలాగే చేతిలో ఉండిపోయింది. ఆ క్షణంలో 'ఏదీ, మళ్ళీ చదువు' అంటే సరిపోయేది. గోటితో పోయేది. కాని ఆ మాట అంటే, నువ్వు చూడలేదా నాన్నా అని పిల్ల అడుగుతుంది. తర్వాత ఏమడుగుతుందో ఆయనకు తెలుసు.

"నాకు తెలుసు. చదివాను కదా" అన్నారు.

"ఆంటీకి తెలుసా, పతా హై?"

"చెప్పాను."

ఇషిత భుజాలెగరేసి ఫోను తీసుకుని లోపలికి వెళ్ళిపోయింది. సుభాషిణి మాత్రం చిక్కుడుకాయ చేతిలో పట్టుకుని ఆయన వంకే చూసింది.

"చెప్పారా?"

"ఆఁ."

"గంట క్రితం ఫోన్ చేసింది ఆవిడ. పెరట్లో మల్లె అంటు ఏ మూల పెడితే బాగుంటుందని అడిగింది నన్ను."

"నేను చూసుకుంటానన్నాగా" అని ఆయన కాస్త గట్టిగానే అని, కాగితాలు మడిచి బ్యాగులో పెట్టేసుకున్నారు. సుభాషిణి చిక్కుడుకాయల ఈనెలు తీసుకుంటూ కూర్చుంది.

సోమవారం ఆఫీసులో ఆయనకు ఏ ఫైలు మీదా కన్ను నిలవలేదు. ఒక్క మూడో పేజీలోనే ఇంత ఉంటే మిగతా ఏడు పేజీల్లో ఏముందో? పదకొండింటికి ఆ కాగితాలు ఓ ఫైలు అట్టలో పెట్టుకుని రెండో అంతస్తులో హిందీ విభాగం గుమ్మం దాకా వెళ్ళారు. అక్కడి అనువాదకురాలు మంచి అమ్మాయి. 'ఇది కాస్త చదివి అర్థం చెప్పమ్మా' అంటే సరిపోతుంది. మా బంధువులదని చెప్పొచ్చు. కళ్ళజోడు విరిగిందని కూడా చెప్పొచ్చు.

ఆయన్ని చూడగానే ఆ అమ్మాయి లేచి నిలబడింది.

"రండి సర్! మీకే ఫోన్ చేద్దామనుకుంటున్నాను. వచ్చే నెల పక్షోత్సవాలు కదా, ఈసారి వ్యాసరచనకి జడ్జిగా మీ పేరే పెట్టాం. నలభై వ్యాసాలు వస్తాయి, కాస్త ఓపిగ్గా దిద్దాలి."

"తప్పకుండా" అని ఉమాశంకర్ నవ్వి, ఫైలు చంకలోకి తోసుకుని తిరిగొచ్చేశారు. పైన పటారం లోన లొటారం అంటే ఏమిటో ఆ మెట్లు దిగుతుంటే ఆయనకు బాగా తెలిసొచ్చింది.

మధ్యాహ్నం వరండా చివరకు వెళ్ళి సత్వీర్‌కి ఫోన్ చేశారు. పెరడు మాట మార్చి రాయించాలన్నారు.

"ఎలా కుదురుతుంది సర్?" అన్నాడు సత్వీర్. అతని గొంతులో వంకరేమీ లేదు, ఆశ్చర్యమే ఉంది. "పెరడు పైఅంతస్తు వాళ్ళకి ఎప్పుడో రాసిచ్చేశారు. అందుకే కదా ఆ ఇల్లు అంత చవగ్గా వచ్చింది. స్టాంపు పేపరు కూడా కొనేశాను. నిన్న మీరే చదివి గీతలు పెట్టారు కదా?"

"అవును."

"చదివారు కదా సర్?"

కింద రోడ్డు మీద గొడుగులు కదిలిపోతున్నాయి. ఉమాశంకర్ వాటిని చూస్తూ, "చదవకేం? చదివాను. మేడమ్ మనసు మార్చుకుంది, అంతే" అన్నారు.

"మేడమ్‌కి నచ్చజెప్పండి. పైవాళ్ళు దుబాయ్‌లో ఉంటారు. ఏళ్ళ తరబడి రారు. అందాకా పెరడు ఆవిడదే అనుకోండి. ఎవరొచ్చి ఆపుతారు?"

నిజమే కదా, ఎవరొచ్చి ఆపుతారు అనుకున్నారు ఉమాశంకర్. ఆ సాయంత్రమంతా ఆ మాటే పట్టుకుని వేలాడారు. రాత్రి అన్నం తింటున్నప్పుడు మాత్రం, దుబాయ్‌లో ఉన్నవాళ్ళు సెలవులకు రారా అన్న ఆలోచన రావడంతో కలిపిన ముద్ద పళ్ళెంలోనే వదిలేశారు.

మంగళవారం ఆఫీసు నుంచి తిన్నగా మునిర్కా వెళ్ళారు. చెప్పేయాలనే వెళ్ళారు. అన్నపూర్ణేశ్వరి గది మూడో అంతస్తులో ఉంటుంది. సందు ఎంత ఇరుకంటే, ఆవిడ కిటికీలోంచి చెయ్యి చాపితే ఎదురింటి గోడ తగులుతుంది. ఆరున్నరకి కూడా బయట వెలుతురుంది గాని ఆ గదిలో లైటు వేసే ఉంది. నేల మీద సెలైన్ సీసాలొచ్చే అట్టపెట్టెలు నాలుగు, సామాను సర్ది తాడు కట్టినవి ఉన్నాయి. గది అడ్డంగా కట్టిన తీగ మీద తెల్ల యూనిఫారాలు వేలాడుతున్నాయి.

"తల కాస్త వంచుకుని రండి అన్నయ్యగారూ. ఉతికి మూడు రోజులైందండి, ఇంకా ఆరలేదు. ఈ గదిలో బట్టలు ఆరవండి, మగ్గుతాయంతే." ఆవిడ స్టూలు తుడిచి వేసింది. "మొన్న వార్డులో ఒకాయనకి ఇంజక్షన్ చేద్దామని వంగితే ముక్కు మూసుకున్నాడండి. ముసలాయన, పాపం కావాలని కాదు. నాకైతే తల కొట్టేసినట్టయ్యింది. అప్పుడే అనుకున్నానండి, గదులెన్నున్నా ఒకటే, నాకు మాత్రం ఎండలో బట్టలారేసుకునే చోటుండాలని."

ఉమాశంకర్ ఆ యూనిఫారాల కేసి చూడలేకపోయారు.

ఆవిడ ఫిల్టర్ కాఫీ కలుపుతోంది. కలుపుతూ చెబుతోంది, ఇంటివాడికి ఒకటో తారీఖుకి ఖాళీ చేస్తానని చెప్పేసిందట, గది అప్పుడే ఎవరో విద్యార్థులకి ఇచ్చేశాడట. ఉమాశంకర్ నోట్లో మాట తయారుగానే ఉంది. 'అమ్మా, నాకు హిందీ చదవడం రాదు.' ఆరు మాటలు కూడా లేవు. అవి గొంతుదాకా వచ్చి, అక్కడ దారి మార్చుకుని వేరే మాటలై బయటకొచ్చాయి.

"అమ్మా, ఆ ఇంటి విషయం మళ్ళీ ఆలోచించాను. వాస్తు అంత బాగాలేదేమో అనిపిస్తోంది. నైరుతిలో ఏదో దోషం ఉంది."

తెలుగువాడికి కొనబోయే ఇల్లు వదిలించుకోవాలంటే వాస్తును మించిన దారి లేదు. కాని అన్నపూర్ణేశ్వరి కాఫీ గ్లాసు ఆయన చేతికిస్తూ నవ్వింది.

"అదేంటండి? మొదటిసారి చూసినప్పుడు మీరే కదండి ఫోన్లో దిక్సూచి పెట్టి, ఈశాన్యం పెరిగింది, బంగారంలాంటి ఇల్లన్నారు?"

"ఫోన్లో దిక్సూచి ఒక్కోసారి తప్పు చూపిస్తుందమ్మా."

"పొద్దున్నే ఎండ పెరట్లోకే వస్తందండి. నేను డ్యూటీ దిగి రెండుసార్లు వెళ్ళి చూసొచ్చేను. ఎండొచ్చే ఇంటికి దోషమేంటండి?" తర్వాత ఆయన మొహంలోకి పరకాయించి చూసింది. ముప్ఫై ఏళ్ళు రోగుల మొహాలు చూసిన కళ్ళు అవి. "ఇల్లంతా నా కష్టార్జితమని మీకే ఎక్కువ భయంగా ఉన్నట్టుందండి. మీరు పక్కనుంటే నాకేం భయం లేదు. పాలు పొంగించే రోజు వదినగారూ మీరూ పొద్దున్నే వచ్చెయ్యాలి. నాకింకెవరున్నారు చెప్పండి?"

"వస్తామమ్మా" అన్నారు ఉమాశంకర్. కాఫీ తాగారు. చాలా మంచి కాఫీ. గుమ్మం దాటి రెండు మెట్లు దిగాక ఆవిడ వెనకనుంచి అడిగింది.

"అన్నయ్యగారూ, ఇంకేవన్నా చెప్దామనొచ్చేరా?"

"లేదమ్మా. ఊరికే, ఇటు వచ్చి" అన్నారు ఆయన, వెనక్కి తిరక్కుండానే.

ఇంటికెళ్ళే దారంతా తనని తాను తిట్టుకున్నారు. సిగ్గులేనివాడా అని కూడా తిట్టుకున్నారు. తీరా చూస్తే ఆ సిగ్గు కోసమే కదా ఈ తంటా అంతా అనిపించి నోరు మూసుకున్నారు.

గురువారం పొద్దున సుభాషిణి ఇడ్లీలు పళ్ళెంలో పెట్టి ఎదురుగా కూర్చుంది. ఆయన తినడం మొదలుపెట్టాక అడిగింది.

"ఆవిడకి చెప్పారా?"

ఆయన ఇడ్లీ ముక్క తుంచి చట్నీలో ముంచారు.

"ఇషిత చిన్నప్పుడు లెక్కలూ ఇంగ్లీషూ మీరు చెప్పేవారు. హిందీ హోంవర్కు మాత్రం నామీద తోసేసి పేపరు పట్టుకునేవారు. దానితోపాటు నేనూ గుణింతాలు దిద్దుకున్నాను. ఎందుకు తోసేసేవారో నాకు తెలియదనుకున్నారా?" ఆమె గొంతులో కోపం లేదు. "నా దగ్గర దాచుకున్నారు, సరే. మొగుడూ పెళ్ళాల మధ్య ఎన్నో ఉంటాయి. ఆవిడ జీవితమంతా పెట్టి కొంటోందండీ."

ఉమాశంకర్ చేతిలో ఇడ్లీ ముక్క పళ్ళెంలో పెట్టేశారు. ఇన్నేళ్ళుగా ఈవిడకి తెలుసన్నమాట. హిందీ పక్షోత్సవాల బహుమతి తెచ్చి షోకేసులో పెట్టినప్పుడూ, దాన్ని ఆవిడే గుడ్డతో తుడిచినప్పుడూ కూడా తెలుసన్నమాట. పళ్ళెంలో చెయ్యి కడిగేసుకుని లేచారు.

రిజిస్ట్రార్ ఆఫీసులో జనం చెమటలు కక్కుతున్నారు. అన్నపూర్ణేశ్వరి ఇస్త్రీ చీర కట్టుకుని, కాగితాల సంచి గుండెకి హత్తుకుని ముందే వచ్చి కూర్చుంది. అమ్మేవాళ్ళ తరఫున వచ్చిన సత్వీర్ అటూ ఇటూ పరుగులు పెడుతున్నాడు. కారులో వస్తున్నంతసేపూ ఉమాశంకర్ చెప్పే మాటలు పేర్చుకుంటూనే వచ్చారు. వచ్చాక ఆవిడ పక్కన కూర్చుని ఎండల గురించి మాట్లాడారు. కక్కలేక మింగలేక కూర్చున్న మనిషికి గంట ఎలా గడిచిందో కూడా తెలియలేదు. ఇంతలో వాళ్ళ నంబరు పిలిచారు.

కిటికీ లోపల గుమస్తా దస్తావేజు తిరగేసి, ముందు అన్నపూర్ణేశ్వరిని అడిగాడు, పత్రమంతా చదివించుకుని విన్నారా అని.

"మా అన్నయ్య చదివేరు" అంది ఆవిడ తన వార్డు హిందీలో, ఉమాశంకర్‌ని చేత్తో చూపిస్తూ. ఆ చూపించడంలో ఉన్న గర్వం చూసి ఆయనకి నేలలోకి కుంగిపోవాలనిపించింది.

గుమస్తా తలెత్తాడు. "మీరు సాక్షి కదా? మీరు చదివారా?"

అలవాటు కొద్దీ ఉమాశంకర్ చెయ్యి కళ్ళజోడు మీదకు వెళ్ళింది. అక్కడే ఆగింది.

"లేదు" అన్నారు. గుమస్తాకి వినబడలేదు. మళ్ళీ గట్టిగా అనాల్సి వచ్చింది. "నహీఁ పఢా. ముఝే హిందీ పఢ్‌నీ నహీఁ ఆతీ." మంగళవారం గొంతుదాకా వచ్చి దారి మార్చుకున్న మాటే, ఈసారి హిందీలో.

వెనక వరసలో ఎవరో కిసుక్కున నవ్వారు. సత్వీర్ ముందుకు తోసుకొచ్చి, సార్ వేళాకోళం చేస్తున్నారు, పెద్ద ఆఫీసరు అని గుమస్తాకి చెప్పబోయాడు. ఉమాశంకర్ తల అడ్డంగా ఊపారు. గుమస్తా విసుక్కుని, ముందు చదివించుకుని రండి అని కాగితాలు బయటకు తోసి తర్వాతి నంబరు పిలిచాడు.

నిజం చెప్పేస్తే గుండె తేలికపడుతుందంటారు. ఉమాశంకర్‌కి అలాంటిదేమీ జరగలేదు. వరండాలోకి నడుస్తుంటే ఒంటి మీద బట్టల్లేనట్టుంది.

అన్నపూర్ణేశ్వరి తిన్నగా వరండాలో బెంచీ మీద తన నంబరు కోసం కూర్చున్న ఒక నడివయసు స్త్రీ దగ్గరకు వెళ్ళి, దీదీ, ఇది కాస్త చదివి పెడతారా అని అడిగింది. ఆవిడ దుపట్టా సర్దుకుని, పిల్లలకు పాఠం చెప్పినట్టు మొదటి పేజీ నుంచి పైకి చదవడం మొదలుపెట్టింది. తెలియని మాట వచ్చినప్పుడల్లా అన్నపూర్ణేశ్వరి ఆపి అర్థం అడిగింది. ఉమాశంకర్ స్తంభం పక్కన నిలబడి విన్నారు. మూడో పేజీ వచ్చింది. పెరడు వచ్చింది. వెనక తలుపు మూసుకోవలసిన సంగతీ వచ్చింది. అన్నపూర్ణేశ్వరి ఆ వాక్యం రెండోసారి చదివించుకుంది. తర్వాత మిగిలిన అయిదు పేజీలు కూడా పూర్తిగా విని, ఆ మనిషికి దండం పెట్టి లేచింది.

సత్వీర్ ఏదో చెప్పబోతే చెయ్యెత్తి ఆపింది. "పెరడు లేని ఇల్లు నాకొద్దు. అమ్మేవాళ్ళతో మాట్లాడి, ఏం చేస్తారో రేపు నాకే చెప్పు. ఇంకో ఇల్లు చూపించినా సరే. కాగితం ముందు నా చేతికివ్వు, చదివేవాళ్ళని నేను తెచ్చుకుంటాను."

అతను ఫోను చెవికి పెట్టుకుంటూ మెట్ల వైపు వెళ్ళాడు. అప్పుడు ఆవిడ ఉమాశంకర్ దగ్గరకు వచ్చింది.

"ఇది మీకెప్పుడు తెలిసిందండి?"

"ఆదివారం సాయంత్రం. మా అమ్మాయి చదివింది."

"మంగళవారం మా గదికొచ్చేరు."

"వచ్చానమ్మా."

"కాఫీ తాగేరు. వెళ్ళేటప్పుడు నేనడిగేను, ఇంకేవన్నా చెప్దామనొచ్చేరా అని."

ఉమాశంకర్ కళ్ళజోడు తీసి జేబులో పెట్టుకున్నారు.

"చదవడం రాకపోతే తప్పేంటండి? నాకూ రాదు. మా వార్డులో సగం మందికి రాదు. వేలిముద్ర వేసే ముందు, సిస్టర్, ఇందులో ఏముందో చెప్పు అని నన్నడుగుతారండి. నేను డాక్టర్నడిగి చెప్తాను. అడగడానికి వాళ్ళెవరూ సిగ్గుపడరు, ప్రాణం కదండి." ఆవిడ గొంతు ఎక్కడా పెరగలేదు. "మీరొచ్చి, నాకు రాదమ్మా అంటే, ఇద్దరం కలిసి ఎవర్నన్నా వెతుక్కునేవాళ్ళం. మీరేమో నేను ఆ ఇంట్లోకి వెళ్ళి కూర్చున్నా ఫర్వాలేదనుకున్నారు."

"తప్పయిందమ్మా" అన్నారు ఆయన. "పద, కారులో మునిర్కాలో దింపుతాను. వేరే గది సంగతి కూడా నేను..."

"వద్దండి. బస్సుంది." కాగితాలు తన సంచిలో పెట్టుకుని జిప్పు లాగింది. రెండడుగులు వేసి, ఆగి, వెనక్కి చూసింది. ఆ చూపులో కోపం కూడా లేదు, వార్డులో ముక్కూమొహం తెలియని మనిషి అడ్డం నిలబడితే తప్పుకోమనే మర్యాద మాత్రమే ఉంది.

"మీరు బయల్దేరండి సార్" అంది. "ఆఫీసుకి ఆలస్యమైపోద్ది."

ఆఫీసులో అందరూ ఆయన్ని సార్ అనే పిలుస్తారు. ఉమాశంకర్ తలూపారు, ఏదో ఫైలుకి సరేనన్నట్టు. ఆవిడ గేటు దాటి బస్సులు ఆగే చోటు ఎటుందో ఎవరినో అడుగుతోంది.